బలపం గుర్తులు

"చెయ్యి తియ్యి పెద్దాయనా" అంది మల్లి.

ముసలాయన తియ్యలేదు.

ఎడమ అరచేతిని గోడకు ఆనించి, కుడిచేతి వేళ్లను మడిచి టక్ టక్‌మని కొడుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

అది ఇంటి గోడ కాదు. చక్రాల మీద నిలబెట్టిన గది గోడ. థర్మాకోల్ షీట్ల మీద ఫైబర్ గుడ్డ పరిచి, ఆరితే రాయిలా గట్టిపడే రెజిన్ పూసి, మల్లి సొంతంగా కట్టుకుంటున్న గది. ఇద్దరు పడుకోవచ్చు, మధ్యలో ఒక బిడ్డ. మోపెడ్ వెనక తగిలిస్తే వచ్చేసేంత తేలిక.

మల్లి మొగుడు శ్రీను గొర్రెల కాపరి. ఏటా ఎండాకాలం మందను తోలుకుని దర్శి వైపు మాగాణులకు పోతారు. రాత్రి మంద పక్కనే, నేల మీదే పడక. పోయిన ఏడు అక్కడ అకాల వర్షం కురిసింది. ఏడు నెలల బిడ్డను టార్పాలిన్ పట్టా కింద పొదువుకుని తెల్లవార్లూ తడిసింది మల్లి. బిడ్డ ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది.

ఈ ఏడు అత్త తేల్చి చెప్పేసింది, బిడ్డ తన దగ్గరే ఉంటుందని.

"బిడ్డనిడిసిపెట్టి నేను పోను. మొగుణ్ణి ఒంటిగా పంపను. వాన తగలని గది నేనే కట్టుకుంటా, చూస్తా ఉండండి" అంది మల్లి.

ఊరంతా నవ్వింది. టీవీ డబ్బాలో పెట్టే థర్మాకోల్‌తో ఇల్లేందని. నవ్వుకుంటే నవ్వుకోనీ. పెళ్లికి ముందు మూడేళ్లు మార్కాపురంలో ఏబేలు షెడ్డులో ఫైబర్ తొట్లు పోసిన చేతులవి. ఇప్పుడు ఆ షెడ్డు వెనకే గది లేస్తోంది.

అత్త ఒక్క షరతు పెట్టింది. ఆ డబ్బాను కంభం ఊరి దాకా లాక్కుపోయి, చెక్కుచెదరకుండా తిరిగి తెస్తే బిడ్డను తీసుకుపోవచ్చు.

ముసలాయన నాలుగు రోజులుగా వస్తున్నాడు. పలకరించడు. ఎవరని అడిగితే బదులు చెప్పడు. నిన్న పలకరాళ్ల లారీ వెనక నుంచి హారన్ మోగిస్తున్నా దారి ఇవ్వలేదు. డ్రైవరు దిగొచ్చి పక్కకు జరపాల్సి వచ్చింది. ఎంత పొగరో చూడు అనుకుంది మల్లి.

ఇప్పుడు చొక్కా జేబులోంచి బలపం ముక్క తీసి, గోడ మీద నాలుగుచోట్ల గుండ్రంగా గీశాడు.

"ఈడ పట్టలేదు తల్లీ. లోపల బోలు."

మల్లికి ఒళ్లు మండింది. అత్త పంపిన మనిషే అయివుంటాడు. నోటికొచ్చినట్టు తిట్టింది. పనీపాటా లేని ముసలోడివంది. ఆడమనిషి చేస్తుంటే ఓర్వలేక వంకలు పెడుతున్నావంది. ఇంకోసారి కనబడితే రెజిన్ డబ్బా నెత్తిన బోర్లిస్తానంది.

ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వుకు ఇంకో నాలుగు తిట్టింది.

చెయ్యెత్తి రోడ్డు చూపించాక గానీ ఆయన కదల్లేదు. తడిగుడ్డతో ఆ గీతలన్నీ తుడిచేసింది మల్లి.

ముసలాయన మళ్లీ రాలేదు.

కంభం పోయేటప్పుడు ఏమీ కాలేదు. తిరుగుదారిలో ఎదురుగాలి లేచింది. పక్కనుంచి ఓ లారీ దూసుకుపోయింది. గది పక్కగోడ పెచ్చులా ఊడి రోడ్డు మీద పడింది.

అత్త ఒక్క మాట అనలేదు. బిడ్డను చంకనెత్తుకుని లోపలికి పోయింది. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు మల్లికి.

ఏడ్చింది. ముక్కు చీదుకుని, విరిగిన గోడ ముందు కూర్చుంది.

రెజిన్ నేరుగా తగిలితే థర్మాకోల్‌ను తినేస్తుంది. అందుకే ముందు జిగురుతో కాగితాలు అంటించి, ఆ పైన పూసింది. కాగితం చిరిగినచోట రెజిన్ లోపలికి దిగింది. పైన నున్నగా, గట్టిగా ఉంది. కింద ఖాళీ.

గోడ ఊడింది సరిగ్గా ముసలాయన గీసిన చోటే. మిగిలిన మూడుచోట్లూ గుర్తు తెచ్చుకుని కోసి చూసింది. మూడూ బోలే.

మంద కదలడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"మళ్లీ పోయొస్తా అత్తా. ఈసారి ఊడితే నువ్వు చెప్పినట్టే ఇంటా" అంది.

నాలుగుచోట్లా తీసేసి కొత్తగా నింపింది. రెండోసారి కంభం పోయి వచ్చింది. గాలికి అటూ ఇటూ ఊగింది గానీ రవ్వంత ముక్క కూడా ఊడలేదు. అత్త గది చుట్టూ తిరిగి, గోడలు తడిమి చూసి, బిడ్డను తెచ్చి మల్లి చేతికిచ్చింది. దుప్పటి మరిచిపోవద్దని మాత్రం గొణిగింది.

బలపం జేబులో పెట్టుకు తిరిగే ముసలాయన ఎవరని మల్లి అడిగితే, ఏబేలు వెంటనే చెప్పాడు. రామసుబ్బయ్య. ఒకప్పుడు క్వారీలో ఏ రాయి పలకకు పనికొస్తుందో కొట్టి చూసి చెప్పేవాడట. ఇల్లు పలకల పనివాళ్ల వీధిలో.

మంద దర్శి దారి పట్టిన రోజు మల్లి మోపెడ్‌ను ఆ వీధిలోకి తిప్పింది.

గదిని చూసి రామసుబ్బయ్య అరుగు దిగొచ్చాడు. ఏమీ అడక్కుండా అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, నాలుగు గోడలూ కొట్టి చూశాడు. బలపం జేబులోంచి తియ్యలేదు.

మల్లి బిడ్డను చంకనెత్తుకుని ఆయన ఎదురుగా వచ్చింది.

"నీది చూసే చెయ్యి అని తెలవక అన్నేసి మాటలన్నా. నన్ను మన్నించు పెద్దాయనా."

ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆవేళ తిట్లు తింటూ నవ్విన నవ్వే.

ఆయన భార్య మస్తానమ్మ గడప దాటి వచ్చి, మల్లి చంకలోని బిడ్డ బుగ్గలు పుణికింది.

"క్వారీలో మందు పేలి ఆయనకి రెండు చెవులూ పోయి ఇరవై రెండేళ్లయింది తల్లీ, నువ్వు ఆ పొద్దు తిట్టిందీ ఇనపళ్లేదు, ఇప్పుడు చెప్పిందీ ఇనపళ్లేదు."