పడవ వెనక కూర్చున్నాయన

ఆదోనిలో పడవ కొన్న మొదటి మనిషి శ్రీపాదరావు అయ్యవారు. రెండోవాడు ఇంకా పుట్టలేదు.

బడిపంతులుగా రిటైరయ్యాక హోస్పేట నుంచి ఓ పాత ఫైబర్ పడవ, దానికో మోటారు కొని తెచ్చి వాకిట్లో పెట్టుకున్నాడు. రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. పడవలో భార్య లక్ష్మీబాయి వడియాలు ఎండబెట్టింది. ఎదురింటి పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అని వీధంతా నవ్వింది.

ఈ ఏడు వానలు దంచి కొట్టాయి. ఎమ్మిగనూరు అవతల డ్యాం నిండింది. కబురు తెలిసినప్పటి నుంచి అయ్యవారికి కాలు ఒకచోట నిలవలేదు, అన్నం సయించలేదు.

లక్ష్మీబాయి మాత్రం ఒకే మాట చెప్పింది.

"ఇంత ముచ్చట పడుతున్నారు కాబట్టి వస్తాను. నా చీరంచు తడిసిందా, రేపే ఆ పడవ పాత సామాన్లవాడికి."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఆ సంగతి అయ్యవారికి నలభై నాలుగేళ్లుగా తెలుసు.

ఆదివారం పొద్దున, ఒకప్పటి శిష్యుడు వీరేష్ ట్రాక్టరు మీద పడవ డ్యాం గట్టు చేరింది. కొబ్బరికాయ కొట్టారు. పడవ ముక్కు కింద నిమ్మకాయలు పెట్టారు. మనవరాలు కృతి అప్పుడే ఎక్కి కూర్చుని చప్పట్లు కొడుతోంది. లక్ష్మీబాయి కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రాఘవేంద్రస్వామిని తలుచుకుని ఎక్కింది.

"ఓ చెయ్యి ఎయ్యన్నా," అని వీరేష్ కేకేశాడు.

టీ బంకు దగ్గర బస్సు కోసం కూర్చున్న ఒక బక్కాయన సంచీ అక్కడే పెట్టి వచ్చాడు. ఇద్దరూ కలిసి తోశారు. పడవ నీళ్లలోకి జారింది. అయ్యవారు ఒక్క దూకుతో లోపలికెక్కాడు. తనకు అరవై తొమ్మిదేళ్లని ఆ క్షణాన ఆయన మోకాళ్లకే గుర్తు లేదు.

"సామీ, ఒక్క మాట," అన్నాడు బక్కాయన. "ఈ ఎనకాల..."

"ఎనకా ముందూ అన్నీ నాకు తెలుసులేప్పా. నువ్వు తొయ్యి."

మోటారు తాడు ఐదోసారి లాగితే గుర్రుమంది.

బక్కాయన ఒక్క క్షణం కృతి వైపు చూశాడు. చటుక్కున పడవెక్కాడు. వెనక మూలకు పోయి, పంచె కాళ్ల మీదికి లాక్కుని, అడుగున చతికిలబడ్డాడు.

"నిన్నెవరు ఎక్కమన్నారప్పా?"

"ఊరికే, సూద్దామని, సామీ."

ఇక దింపేదేముంది, పడవ అప్పటికే గట్టు వదిలి చాలా దూరం దూసుకుపోయింది.

ఎంత గాలి, ఎంత నీళ్లు. కరువు సీమలో పుట్టి పెరిగిన మనిషికి చుట్టూ నీళ్లే కనబడుతుంటే పిచ్చెక్కదా మరి. పెళ్లినాడు కూడా అయ్యవారికి ఇంత సంతోషం లేదు. అన్నిటికన్నా వింత, లక్ష్మీబాయి నవ్వుతోంది.

"ఏమండీ, ఇంకొంచెం బిర్న పోనీయండి."

అయ్యవారు వేగం పెంచి రెండో చుట్టు తిప్పాడు. మూడో చుట్టూ తిప్పాడు.

కృతి సెల్ఫోను ఎత్తింది. "తాతా, ఫొటోలో ఆయన అడ్డమొస్తున్నాడు."

"అప్పా, ముందరికొచ్చి కూర్చో."

"ఈడే బాగుండాది, సామీ."

"లేచి రమ్మంటే ఇనపడలేదా?"

"నన్ను ఇడిసిపెట్టు సామీ. పాపకు నీళ్లు సూపీ."

రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని బక్కాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కూర్చోమంటే పండుకునే రకం," అని అయ్యవారు భార్యకు వినిపించేలా గొణిగాడు.

గంట తర్వాత పడవ గట్టుకు చేరింది. లక్ష్మీబాయి చీరంచు చూసుకుంది. పొడిగా ఉంది.

"సరే. పడవను ఉండనీయండి," అంది.

అయ్యవారు గెలిచాడు. కృతిని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

అందరూ దిగాక బక్కాయన కుంటుకుంటూ దిగాడు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

"సామీ, పడవను ఇప్పుడే గట్టు మీదికి లాగించు. నీళ్లలో ఇడవద్దు."

"పడవ నీళ్లలో కాక యాడుంటాదప్పా? ఇంకోసారి పిలవని పడవ ఎక్కొద్దు."

"అట్లే సామీ," అని ఆయన సంచీ అందుకుని, ఆ కుంటి నడకతోనే బస్సు వైపు పరిగెత్తాడు.

వీళ్లు పులిహోర డబ్బా తెరిచారు. రెండు ముద్దలు తిన్నారో లేదో కృతి అంది.

"తాతా, పడవ కూర్చుంటోంది."

చూస్తే వెనక భాగం నీళ్లలో మునిగిపోయి ఉంది. వీరేష్ నడుములోతు దిగి తడిమాడు.

"సార్, ఈడ బొక్క ఉండాది. బిరడా యాడ?"

అయ్యవారు జుబ్బా జేబులోంచి బిరడా తీసి చూపించాడు.

"అది తూము గదప్పా, చెరువుకున్నట్లే. లోపల పడిన నీళ్లు పోవాలని పొద్దున నేనే తీసిపెట్టినా."

"లోపలి నీళ్లు పోయే దోవలోనే గదా సార్, బయటి నీళ్లు వచ్చేది."

"మరి గంటసేపు ఎట్లా తిరిగినామప్పా?"

లక్ష్మీబాయి చేతిలోని ముద్ద డబ్బాలో పెట్టేసింది.

"ఆయన మడమ అడ్డం పెట్టి కూర్చున్నాడండీ. అందుకే లేవలేదు."

అయ్యవారు చెప్పులు కూడా వేసుకోకుండా టీ బంకుకు పరిగెత్తాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

"ఎవరు జయమ్మా ఆయన?" అని బంకు ఆమెను రొప్పుతూ అడిగాడు.

"కోసిగి పక్క పల్లె, సామీ. పేరు హుసేనప్ప. పొద్దున టీ తాగుతా డ్యాం దిక్కు ఈపు పెట్టి కూసున్న్యాడు. ఏమన్నా, అట్ల కూసున్న్యావు అంటే, నాకు ఈత రాదమ్మా, అన్ని నీళ్లు సూస్తేనే కాళ్లు వణుకుతాయి అన్న్యాడు."