పంతొమ్మిది పౌండ్ల దొంగ

వెర్నెల్ ముసలమ్మ తోలుసంచీ సర్దుతోంది. ఇస్త్రీ చేసిన రెండు తెల్లచొక్కాలు, ఉన్నికోటు, పాలిష్ పెట్టిన బూట్లు, లావుపాటి బైబిలు. దారిలో తినడానికి ఒక డబ్బా నిండా టీ కేకులు.

"ఎక్కడికి అమ్మమ్మా ప్రయాణం?" అంది మనవరాలు రెనీటా.

"షికాగో."

"ఎనభై ఎనిమిదేళ్లకా! అక్కడ మనవాళ్లెవరూ లేరుగా?"

"ఉండాల్సింది. బస్సు రెండింటికి. ముందు మీ షెడ్డు దగ్గర ఆపు, ఓటిస్‌కి నాలుగు కేకులిచ్చి పోతాను."

రెనీటా ఇంజనీరు. అలబామాలో ఆ చుట్టుపక్కల తెల్లమూకలు చంపేసిన ఇరవై ఇద్దరు నల్లవాళ్లకు స్మారకం కడుతున్నారు. మనిషికొక డొల్ల ఉక్కు స్తంభం. అన్నీ పైకప్పు దూలాలకు వేలాడతాయి. వాటిని వేలాడదీసే ఏ కడ్డీ ఎంత మోయాలో లెక్కగట్టింది రెనీటాయే. క్రేను కాటాకెత్తి తూచందే ఒక్కదాన్నీ షెడ్డు దాటనివ్వదు.

వాళ్లు షెడ్డుకొచ్చిన కాసేపటికి కాటాకెత్తిన ఆఖరి స్తంభం పద్నాలుగో నంబరు. మిగతావన్నీ ఎనిమిది వందల పన్నెండు పౌండ్లు తూగాయి. ఇది ఎనిమిది వందల ముప్ఫై ఒకటి.

"పంతొమ్మిది ఎక్కువ!" రెనీటా కళ్లు చిట్లించింది. "వారం నుంచి రాగితీగ మాయమవుతోంది. దొంగ ఇందులోనే దాచుంటాడు. ఓటిస్ మావయ్యా, మూత కొయ్యి."

వెల్డర్ ఓటిస్ గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడే అతికానమ్మా. కాలిపోతోంది."

"చల్లారేదాకా ఇక్కడే కూచుంటా."

"కూచో. పెళ్లి కూడా దాంతోనే చేసుకో," అంది వెర్నెల్.

"నీ బస్సు పోతుంది అమ్మమ్మా."

"పోనీ."

అప్పుడు చూసింది రెనీటా. అమ్మమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"సంచీ ఏదీ?"

ముసలమ్మ ఓటిస్ వైపు చూసింది. ఓటిస్ కేకు నములుతూ పైరేకులు లెక్కపెడుతున్నాడు.

"ఇద్దరూ దొంగలేనన్నమాట! రేపట్నుంచి దీని కింద జనం నడుస్తారు. లెక్క తప్పితే ఎవరి నెత్తిన పడుతుందో తెలుసా?"

వెర్నెల్ మనవరాలి చెయ్యి పట్టుకుంది. "కొయ్యించకే తల్లీ. ఇవాళ వెళ్లకపోతే అది మరింకెప్పటికీ వెళ్లదు. నీ కడ్డీ ఆ కాస్తా మోయలేదూ?"

రెనీటా పెన్సిలు తీసి లెక్కవేసింది. మళ్లీ వేసింది. తర్వాత నవ్వేసింది.

"మోస్తుంది. కేకులతో సహా." నక్షాలో పద్నాలుగు పక్కన పాత అంకె కొట్టేసి, కొత్తది వేసి సంతకం పెట్టింది.

"రాగితీగ మాత్రం మేం తియ్యలేదు," అన్నాడు ఓటిస్.

"అది సరే. బట్టల్లేకుండా షికాగో ఎలా వెళ్తావు అమ్మమ్మా?"

"నేనెందుకు వెళ్తానే? ఆ సంచీ నాదెక్కడిది? నాకు ఎనిమిదేళ్లప్పుడు మొదటిసారి సర్దాను. ఎనభయ్యేళ్లు నా మంచం కిందే ఉంది."

క్రేను స్తంభాన్ని మెల్లగా తిప్పింది. చెక్కిన పేరు వాళ్ల వైపు తిరిగింది: లూషస్ టాలివర్.

షికాగో రైలు టైముకి వచ్చి సంచీ పట్టుకెళ్తానని చెల్లెలు వెర్నెల్‌కి చెప్పి గుమ్మం దిగిన లూషస్ తిరిగి రాలేదు; అది 1937 ఆగస్టు 14, శనివారం.