నాకు డూప్ వద్దు!

"నాకు డూప్ వద్దు!"

ఆసుపత్రి రూమ్ నంబర్ 407లోంచి వచ్చిన ఆ అరుపు కింద క్యాంటీన్ దాకా వినిపించింది. జూబ్లీహిల్స్‌లో అరుపులు కొత్త కాదు. కాకపోతే అవి మామూలుగా పార్కింగ్ గురించి ఉంటాయి.

తలుపు మీద 'శౌర్యతేజ' అని చీటీ. గేటు దగ్గర రెండు టీవీ వ్యాన్లు, వందమంది అభిమానులు, ఒక పాలాభిషేకం. పొద్దుట్నుంచి అన్ని చానళ్లలో ఒకటే వార్త: 'డూప్ లేకుండా ఫైట్ చేస్తూ గాయపడ్డ శౌర్యతేజ.'

లోపల మంచం మీద పేషెంట్. తలకు టోపీ, మూతికి మాస్కు. కనిపించేవి కళ్లు మాత్రమే. గది తగలబెట్టడానికి ఆ రెండూ చాలు.

నర్సు మెర్లిన్ బీపీ చూసింది. మళ్లీ చూసింది. మిషన్‌ని అనుమానంగా చూసింది.

"సార్, మెల్లగా. ఆ మాస్కు మాత్రం తీయకండి. ఫొటో బయటికొస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ సూర్యప్రకాశరావు.

"మీ ఉద్యోగం సంగతి తర్వాత రావుగారూ! నా గజ్జల సంగతి చూడండి. గజ్జ కట్టినవాళ్లకి అవార్డులు, గజ్జల్లో చిరిగినవాడికి మాస్కులూనా?"

ఎనిమిది నెలల కిందట నడుముకి బెల్టు బిగించి, రోప్‌తో మూడంతస్తుల ఎత్తుకి లాగినప్పుడు మొదలైన నొప్పి అది. ఇప్పుడు కోడిగుడ్డంత ఉబ్బయింది. షూటింగ్ ఆగుతుందని ఇన్నాళ్లూ దాచాడు. రెండు నెలల్లో క్లైమాక్స్. మళ్లీ ఎగరలేకపోతే ఫిల్మ్‌నగర్‌లో ఆయన్ని పిలిచేవాడుండడు.

డాక్టర్ స్ఫూర్తి లోపలికి వచ్చింది. ఆవిడ సినిమా చూసి పదేళ్లయింది. హీరో అయినా ఎక్‌స్ట్రా అయినా ఆవిడకి ఒకటే. హెర్నియా కుడి వైపా, ఎడమ వైపా అన్నదొక్కటే తేడా.

"కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టలేదట. ఎందుకండీ?"

"ముందు ఇది చెప్పండి. ఆపరేషన్ చేసేదెవరు?"

"నేనే. రోబో సాయంతో."

"రోబోనా? బాబోయ్! మరి మీరెక్కడుంటారు?"

"అదే గదిలో. పది అడుగుల అవతల, కుర్చీలో."

"విన్నారా రావుగారూ! ఇక్కడా ఇదే భాగోతం. కుర్చీలో కూర్చునేది ఒకరు, లోపల దూరేది ఇంకొకరు!"

రావుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

డాక్టర్ ఓపిగ్గానే చెప్పింది. "మూడు చిన్న రంధ్రాలు పెడతాం. చిరిగిన చోట లోపలి నుంచి మెష్ అనే సన్నటి వల పరుస్తాం. నా వేలు కదిలితేనే దాని చెయ్యి కదులుతుంది. నేను ఆగితే అదీ ఆగుతుంది."

"మెష్ పరుస్తారో, మెస్సు చేస్తారో! కోతలు కోసేవాళ్లు ఫిల్మ్‌నగర్ నిండా ఉన్నారు డాక్టరుగారూ. కోసి కుట్టేవాళ్ల కోసం ఇంత దూరం వచ్చాను నేను."

"ఎంత దూరమండీ? రెండు కిలోమీటర్లు."

మెర్లిన్ నవ్వాపుకోవడానికి సెలైన్ బాటిల్ వైపు తిరిగింది.

"చేత్తోనే చెయ్యమంటే అలాగే చేస్తాను" అంది డాక్టర్. "కోత పెద్దదవుతుంది, అంతే. మీ ఇష్టం. కానీ ఇంకా వాయిదా వేస్తే పేగు ఇరుక్కుంటుంది. అప్పుడు మీరు చెయ్యాల్సిన ఫైట్ ప్రాణంతో."

"ఇంకొక్కటి చెప్పండి. అంతా అయ్యాక కాగితం మీద ఎవరి పేరు రాస్తారు?"

"నా పేరు."

"లోపలికెళ్లి కోసేది ఆ చెయ్యి. కుట్టేది ఆ చెయ్యి. దాని పేరో?"

"దానికి పేరుండదు."

"అదే నేననేది!" పేషెంట్ మంచం కడ్డీ మీద గుద్దాడు. సెలైన్ స్టాండు ఊగింది. "పాట్లు చేతికి, చప్పట్లు కుర్చీకి! ఏం న్యాయమండీ ఇది? ఏ ఊరి న్యాయం?"

ఈసారి డాక్టర్‌కీ మండింది.

"ఏమండీ, చాలు! దానికి నొప్పి లేదు. దెబ్బ తగిలితే నెత్తురు రాదు. ఈ పూట ఎలా తిరిగొస్తుందోనని ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు. అందుకే పేరు లేదు. అదే నొప్పి తెలిసిన చెయ్యి అయితే, ముందు దాని పేరు రాసి, కిందెక్కడో నా పేరు రాసుకునేదాన్ని!"

గేటు దగ్గర్నుంచి "జై శౌర్యతేజ!" అన్న కేకలు కిటికీ అద్దాన్ని తడుతున్నాయి.

పేషెంట్ ఆ కేకలు కాసేపు విన్నాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"మీరు చెప్పినట్టే చెయ్యండి డాక్టరుగారూ. ఫారం ఇటివ్వండి."

"హమ్మయ్య!" రావు పెన్ను తీసి చేతిలో పెట్టాడు. "పేరు పైన అచ్చు వేసే ఉంది సార్. మీరు ఊరికే ఓ గీత గీసేయండి, చాలు."

"గీతలా? నా ఒంటి మీద ఉన్నవి చాల్లెండి రావుగారూ."

మాస్కు పీకి అవతల పారేశాడు. రావు లేచి ముందుకు దూకబోయాడు, కుర్చీ తగులుకుని ఆగిపోయాడు. పేషెంట్ ఫారాన్ని మోకాలి మీద పెట్టుకుని, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి, ఒక్కో అక్షరమే రాశాడు.

ఇరవై రెండేళ్లుగా శౌర్యతేజ బదులు మేడల మీంచి దూకుతున్న డూప్, అచ్చులో ఉన్న ఆ హీరో పేరు కొట్టేసి, మొట్టమొదటిసారి తన పేరు రాసుకున్నాడు: బెన్సన్.