ఐదు తరాల కేశవరావు

“ఐదు తరాలు! కాగితం చూడకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్తాను. రాసుకో బావా” అన్నాడు కేశవరావు, గారె తుంచుతూ.

బావా అనిపించుకున్న పెద్దమనిషి డెనిస్ కియర్నీ. తాత కాలంలో ఐర్లండ్ నుంచి అమెరికా వచ్చిన కుటుంబం. ముప్పై ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అతని కూతురు మౌరాకీ, కేశవరావు కొడుకు శ్రీధర్‌కీ వచ్చే మే నెలలో పెళ్లి. వియ్యంకుణ్ణి ఏమని పిలవాలో డెనిస్‌కి కేశవరావే నేర్పాడు.

ఇది 2009 అక్టోబర్‌లో, అమెరికాలోని నోవై ఊళ్లో, కేశవరావు భోజనాల బల్ల దగ్గర.

“పెళ్లిలో పంతులుగారు రెండువైపులా మూడు తరాల పేర్లు చదువుతారు. ఫలానావారి మునిమనవరాలు, మనవరాలు, కూతురు అని. నిప్పు సాక్షిగా. దొంగ పేరు చెప్తే మంట ఊరుకోదు. మా ఊళ్లో ఒకడి పెళ్లికి పందిరే అంటుకుంది, తెలుసా?”

“చాల్లెండి కోతలు” అంది భార్య శశికళ.

“కోతా? మా నాన్న మూడేళ్లప్పుడు గోదావరి వరదలో తలుపు చెక్క మీద కొట్టుకొచ్చి, మా ఊరి రేవులో దిగి మజ్జిగ అడిగాడు. అదీ కోతేనా?”

అందరూ పడిపడి నవ్వారు. డెనిస్‌కి నవ్వుతో పొలమారింది.

“నా వైపు నేను, మా నాన్న జాన్, మా తాత థామస్. మూడూ ఉన్నాయి” అన్నాడు తేరుకుని.

“మూడేనా! పాపం” అన్నాడు కేశవరావు. బల్ల చివర మౌరా నోట్‌బుక్‌లో ఓనమాలు దిద్దుతోంది. పెళ్లినాటికి తెలుగులో సంతకం చేయాలని ఆమె పట్టుదల. కేశవరావు ఆమె రాతవైపు మురిపెంగా చూస్తూ అందుకున్నాడు. “మా నాన్న మొదలుకొని వరసగా అప్పయ్య, ఆదెయ్య, ఇంద్రయ్య, ఈశ్వరయ్య, ఉగ్రనరసయ్య!”

డెనిస్ ఐదూ ఒక కార్డు మీద శ్రద్ధగా రాసుకున్నాడు. శశికళ గారెల పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ శనివారం నుంచే డెనిస్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఓడ ప్రయాణికుల జాబితాలు, చర్చి రిజిస్టర్ల ఫిల్ములు. క్రిస్మస్ ముందు ఫోన్ చేశాడు.

“బావా, దొరికింది! థామస్‌కి 1889లో బాప్తిస్మం. తండ్రి మైకేల్, తల్లి బ్రిజెట్. నాకిప్పుడు నాలుగు తరాలు!”

“సెభాష్! ఇంకొక్కటి తవ్వితే నాతో సమానం” అన్నాడు కేశవరావు.

“మూడు చాలంటే ఆయన్ని ఎందుకలా ఎగదోస్తారు?” అంది శశికళ పక్కనుంచి.

“సరదాగా ఉంది, తవ్వుకోనీ.”

డెనిస్ తవ్వాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మౌరాతో కలిసి వచ్చాడు. జాకెట్ విప్పలేదు. బావా అని పిలవలేదు. రెండు ప్రింటవుట్లు బల్ల మీద పెట్టాడు.

“ఐర్లండ్‌లో 1911 జనాభా లెక్కలు. అప్పటికి మా తాత అమెరికా వచ్చి మూడేళ్లు. ఇక్కడ బ్రిజెట్ పేరు పక్కన చదువు, రావ్.”

కేశవరావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. “పుట్టిన పిల్లలు ఒకరు. బతికున్నవారు... లేరు.”

“రెండోది మరణాల రిజిస్టర్. థామస్ కియర్నీ. 1891. వయసు రెండేళ్లు.”

“అంటే?”

“అంటే చచ్చిపోయిన పసివాడి బాప్తిస్మం కాగితం పట్టుకుని ఓడెక్కింది ఎవడో! ఆ ఎవడో మా తాత. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. మా అమ్మ బ్రిజెట్ రొట్టె ఇలా కాల్చేది, మా గుమ్మం ముందు రాయి ఇలా ఉండేది అని. ఎవరి అమ్మ? ఎవరి గుమ్మం? నలభై ఏళ్లుగా ఆ సమాధి మీద పూలు పెడుతున్నాను. నా కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా నాతో నిజం చెప్పకూడదా?”

కేశవరావు నవ్వబోయి మానేశాడు. “పోనీ, థామస్ అనే చెప్దాం. పంతులుగారికి ఏం తెలుస్తుంది?”

“నీ ఐదు తరాల పక్కన నిలబడి, నిప్పు ముందు దొంగ పేరు చెప్పనా? పెళ్లికి వస్తాను. కింద కుర్చీలో కూర్చుంటాను. పీటల మీద మౌరా మేనమామ కూర్చుంటాడు.”

“డాడ్, ప్లీజ్” అంది మౌరా. ఆమె కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

“నువ్వు పాపం అని ఉండకపోతే, రావ్, మా తాత నాకు తాతగానే మిగిలేవాడు.”

వంటింటి గుమ్మంలో శశికళ నిలబడి ఉంది.

“ఏమండీ, మీరు చెప్తారా? నన్ను చెప్పమంటారా?”

కేశవరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మౌరావైపు చెయ్యి చాపాడు. “అమ్మాయీ, నీ తెలుగు నోట్‌బుక్ ఇలా ఇవ్వు. బావా, ఆ కార్డు నీ దగ్గరుందా?”

డెనిస్ పర్సులోంచి తీశాడు. మడతలు పడి, అంచులు అరిగిపోయి ఉంది. కేశవరావు దాన్ని నోట్‌బుక్ మొదటి పేజీ పక్కన పెట్టాడు.

“ఆ వేళ తలుపు చెక్క మీద కొట్టుకొచ్చిన పిల్లాడంటే నవ్వావు చూడు, అది కోత కాదు. రేవులో ఎవరో మజ్జిగ పోసి పెంచుకున్నారు. కన్నవాళ్ల పేర్లు ఆయనకి చచ్చేదాకా తెలియలేదు.”

“మరి ఈ ఐదు?” అన్నాడు డెనిస్.

మౌరా వేలు నోట్‌బుక్‌లో ఒక్కో అక్షరమూ దాటుతూ వెళ్లి ఆగిపోయింది. ఆమె మామగారి ముఖంలోకి చూసింది. ఆయన చూడలేదు.

“మొదటిది మా నాన్న” అన్నాడు కేశవరావు.

“మిగతావి ఓనమాలు.”