మౌనిక తరఫు సాక్షి

“పిల్లను ఆయనకే వదిలేద్దామనుకుంటున్న,” అంది మౌనిక.

సుజాత బియ్యం ఏరుతున్న చేటను పక్కన పెట్టింది. కోదాడలో ఆమెది ఒంటిగది కిరాయి ఇల్లు. అంగన్‌వాడీలో టీచరు. మూడు వారాలుగా మౌనిక ఆ గదిలోనే తల దాచుకుంటోంది. నాలుగేళ్ల రమ్య మాత్రం మిర్యాలగూడలో తండ్రి రాహుల్ దగ్గరే ఉండిపోయింది. అతను మౌనికను బయటికి నెట్టి, పిల్లను లోపల ఉంచి గడియ వేసుకున్నాడు.

“ఏమన్నడు?”

“పిల్లను అడగకుంటే విడాకుల కాయితం మీద రేపే సంతకం పెడతడంట. అడిగితే పదేండ్లు కోర్టు సుట్టు తిప్పుతడంట. నాతోని కాదమ్మా. కొట్లాడే ఓపిక లేదు.”

“నీకు లేకుంటే నాకున్నది.”

ఆ గొంతుకు మౌనిక ఉలిక్కిపడింది.

సుజాతకు దెబ్బలు కొత్త కాదు. మొగుడు జయరాజు ఇరవై రెండేళ్లు కొట్టాడు. ఆమె నోరెత్తలేదు. ఒకరోజు గుండెపోటుతో పోయాడు. సమాధి దగ్గర అందరూ నిలబడి ఎంత మంచి మనిషో అన్నారు. ఆ మాట ఇప్పటికీ ఆమె గొంతులో ముల్లులా ఉంది.

పోయినేడు రమ్య పుట్టినరోజుకని మిర్యాలగూడ వెళ్లింది. కేకు పట్టుకొచ్చిన పక్కింటాయనతో మౌనిక నవ్వి మాట్లాడిందని రాహుల్ బెల్టు తీశాడు. రమ్య మంచం కిందికి దూరి రెండు చెవులూ మూసుకుంది. సుజాత అడ్డం పోబోయింది.

“నువ్వు నడుమ రాకు,” అన్నాడు.

ఆమె ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల అలవాటు.

జయరాజు తప్పించుకున్నాడు. వీడు తప్పించుకోకూడదు.

“పిల్ల ఆ మంచం కిందనే పెరగాల్నా బిడ్డా?” అంది సుజాత. “వాడు కోర్టుల నిలబడాలె. వాడేం చేసిండో నలుగురు వినాలె. వాని తల వంగుతుంటే నేను సూడాలె.”

మౌనిక పక్కనున్న చేటను ఒళ్లోకి లాక్కుంది. చివరికి తల ఊపింది.

మర్నాడు ఇద్దరూ సూర్యాపేట బస్సెక్కారు. లాయరు వెంకటయ్య అంతా విని పెదవి విరిచాడు.

“కొట్టిండని చెప్పేటోళ్లెవరు? ఆయన పనిచేసే రైస్ మిల్లుల అడిగితే సూపర్‌వైజర్ సారు దేవుడంటరు.”

“నేను సెప్త.”

వెంకటయ్య ఆమెవైపు తేరిపార చూశాడు. “బోనెక్కినంక ఎనకకు తిరగరాదమ్మా. జర ఆలోచించుకో.”

“ఆలోచించుకునే వచ్చిన. రాయి.”

నోటీసు అందిన రోజే రాహుల్ సుజాతకు ఫోన్ చేశాడు.

“నువ్వు కోర్టుల కాలు పెడితే నీకు నాకు ఖతం. ఇగ నేను సచ్చిననుకో.”

“అనుకుంటలే,” అని పెట్టేసింది.

ఎన్నాళ్లకో ఆమెకు ఆకలి వేసింది. పళ్లెం నిండా పెట్టుకుని తిన్నది.

సాక్ష్యం రోజు రాహుల్ లాయరు శశిధర్ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“నా క్లయింటు మీద మీకు పగ ఉందా, లేదా?”

“ఉన్నది.”

శశిధర్ గెలిచినట్టు జడ్జి వైపు తిరిగాడు.

“పగ ఉన్నంత మాత్రాన నా కండ్లు అబద్ధం సూస్తయా సారూ?”

బెల్టు, మంచం, చెవులు మూసుకున్న చిన్న చేతులు. ఏదీ వదల్లేదు. ఎన్నో దెబ్బకు మౌనిక కింద పడిందో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ రాహుల్ ముఖం మీంచి చూపు తిప్పలేదు. అతనే తల దించుకున్నాడు.

ఏడు నెలలకు తీర్పు వచ్చింది. రమ్య తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి నెలకు రెండు ఆదివారాలు వచ్చి చూసి పోవచ్చు.

వరండాలో మౌనిక పిల్లను గుండెకు అదుముకుని ఏడుస్తోంది. రాహుల్ ఒక్కడే మెట్లు దిగాడు. సుజాత అతని వీపునే చూస్తూ నిలబడింది. జాలి కలుగుతుందేమోనని చూసింది. కలగలేదు.

తన కేసు పిలుపు కోసం బెంచీ మీద కూర్చున్న ఒకామె కళ్లు తుడుచుకుంటూ, “నీ కడుపున పుట్టి నీ బిడ్డ బతికిపోయిందమ్మా,” అంది.

“నా కడుపున పుట్టింది ఆమె కాదు,” అంటూ సుజాత గేటు దాటుతున్న రాహుల్ వైపు చెయ్యి చూపించింది, “గాడ పోతున్నడు సూడు, వాడు.”