ఆదివారం అనిమే

"అనిమే మంచిగున్నదా బాపూ, సినిమా మంచిగున్నదా?" జగిత్యాల నుంచి బోటిం యాప్ కాల్‌లో లాస్య అడిగింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం గల్ఫ్‌లోని సజ్జా కార్మికుల క్యాంపులో భూమేశ్, ఊళ్లో బిడ్డ ఒక్కసారే ప్లే నొక్కి ఆ జపాన్ బొమ్మల సీరియల్ చూస్తారు. కాల్ అట్లా నడుస్తూనే ఉంటుంది. అన్నం తిని మంచమెక్కిన భూమేశ్‌కు టైటిల్స్ పడుతుండగానే కన్నంటుకుంటుంది. బిడ్డ అడిగితే దొరికిపోతానని, అదే కథను మనుషులతో తీసిన సినిమా నిన్న మొత్తం చూసేసి, ఆ సంగతి బిడ్డకు చెప్పాడు.

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్ బిడ్డా. ఆఖర్ల హీరో అన్న సచ్చిపోతుంటే అనిమేల గుడ ఏడ్సిన."



"అనిమేల అన్న సావడు బాపూ. సినిమాలనే సంపిండ్రు."

భూమేశ్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "డ్యూటీ జేసీ జేసీ నిద్ర ఆగుతలేదు బిడ్డా."

"నాకెరుకనే. మొదటి వారం నుంచి నీ గురక ఇనవడుతనే ఉంది."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే కాల్ కట్ చేసి పండుకుంటవు గద. నువ్వు లేస్తవని నా దిక్కు సీరియల్ సౌండ్ బంద్ వెట్టి, కింద అక్షరాలు సదువుకుంట సూస్తున్న."