సముద్రం వైపు

లిల్లీ మెయిన్ స్విచ్ కిందికి లాగింది. సముద్రపు ఒడ్డున యూనివర్సిటీ వార్షికోత్సవం మొత్తం చీకటైపోయింది.

“ఎవురు ఆపింది?” రిజిస్ట్రార్ చంద్రమౌళి టార్చితో పరుగున వచ్చారు.

“నేనే సార్. తాబేలు పిల్లలు సముద్రంలోకి పోకుండా మన స్టేజీ లైట్లు చూసి ఇట్లా వస్తుండాయి.”

“నిన్ను సస్పెండ్ చేస్తా! లైటెయ్యి!”

“కాలు కదపబాకండి సార్!”

ఆయన బూటు పక్కనే బుల్లి తాబేలొకటి తడబడుతోంది. చంద్రమౌళి గబుక్కున టార్చి ఆర్పేశారు. వెన్నెల్లో అది మెల్లగా సముద్రం వైపు తిరిగింది. దాని వెనకే ఇసుకంతా కదిలింది.

ఎవరో స్విచ్ దగ్గరికి వెళ్లబోయారు.

“లైటెయ్యబాకండ్రా!” అని అరిచారాయన.

“మరి నా సస్పెన్షను, సార్?” లిల్లీ నవ్వాపుకుంటూ అడిగింది.

“ఉండమ్మా, ముందు వాటిని పోనీ!”

మొదటి పిల్ల అలలోకి జారగానే అందరికంటే ముందు ఈలేసింది రిజిస్ట్రారే.